లార్ప్‌లో గాయపడ్డ పాత్రకు వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్‌ప్లేయింగ్. వేషం కట్టి, ఫోమ్ కత్తి పట్టుకుని, పొలంలోనో అడవిలోనో రెండు మూడు రోజులు మరో మనిషిగా బతికే ఆట ఇది. చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా వెళ్లి అక్కడి ఆటల్లో చేరేవాళ్లకు, ఇక్కడే పదిమంది స్నేహితులతో చిన్న ఆట పెట్టుకోవాలనుకునేవాళ్లకు హీలర్ పాత్ర, అంటే ఆటలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేసే పాత్ర విషయంలో వచ్చే సందేహాలకు ఇవీ జవాబులు. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. నేలమీద పడి ఉన్న ఆ కొన్ని నిమిషాలూ గాయపడ్డవాళ్లవి. హీలర్ తన ప్రతిభ చూపించుకోవడానికి కాదు, పడినవాళ్లకు ఆడుకోవడానికి ఏదైనా ఇవ్వడానికి అక్కడికి వస్తారు.

ఆటలో గాయం అని ఎలా తేలుస్తారు?

ఆటను బట్టి మారుతుంది. చాలా చోట్ల ఒక్కో పాత్రకు కొన్ని హిట్లు ఉంటాయి. ఆయుధం తగిలిన ప్రతిసారీ ఒకటి పోతుంది, సున్నాకొస్తే పడిపోవాలి. 1977లో అమెరికాలో మొదలైన డాగొర్‌హిర్ వంటి యుద్ధపు ఆటల్లో దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే లెక్క. చేతికి తగిలితే ఆ చెయ్యి పనిచేయదు, కాలికి తగిలితే మోకాలి మీదకు దిగిపోవాలి. 2013 నుంచి ఇంగ్లండ్‌లో జరుగుతున్న ఎంపైర్ అనే ఆటలో 'క్లీవ్' అని అరిచి కొడితే, వైద్యం అందేదాకా ఆ కాలో చెయ్యో పనికిరాదు.

జర్మనీలో లెక్కలు లేని ఆటలు చాలా ఉన్నాయి. చేసి చూపించగలిగినదంతా నీకు వచ్చినట్టే అన్నది అక్కడి నియమం. అలాంటి చోట హీలర్ స్థాయి నియమాల పుస్తకంలో ఉండదు. కట్టు కట్టే తీరులో, ఆయుధపు ముక్క బయటకు తీసే ఓపికలో తెలుస్తుంది. ఏ ఆటకు వెళ్తున్నా గాయాలు, మరణం గురించిన పేజీలు రెండుసార్లు చదివి వెళ్లండి. మిగతా నియమాలు ఆడుతూ నేర్చుకోవచ్చు, ఇవి అలా కుదరవు.

పాత్రకు తగిలిందా, మనిషికే తగిలిందా అని ఎలా తెలుసుకోవాలి?

ఇదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. పడినవాళ్ల దగ్గరికి మొదట చేరేది హీలరే కాబట్టి, నిజమైన దెబ్బను మొదట పట్టుకోవాల్సిందీ హీలరే.

పక్కన మోకాళ్ల మీద కూర్చోగానే, కట్టు తీయకముందే, చిన్న గొంతుతో ఒక మాట అడగండి: "ఆట బయట బాగానే ఉన్నారా?" మాటతో ఆట తెగిపోతుందనుకుంటే సైగ ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నాలా చూపిస్తారు. అవతలివాళ్లు బొటనవేలు పైకి చూపిస్తే బాగున్నట్టు, కిందికి చూపిస్తే బాగోలేనట్టు. చెయ్యి అడ్డంగా ఊపినా, అసలు జవాబే రాకపోయినా బాగోలేనట్టే లెక్క. ఈ సైగ అన్ని ఆటల్లో ఉండదు, ముందే కనుక్కోండి.

అనుమానించాల్సిన గుర్తులు కొన్నున్నాయి. నటించేవాళ్లు సాధారణంగా అరుస్తారు, నిజంగా మడమ మెలిపడ్డవాళ్లు చాలాసార్లు ఊపిరి బిగబట్టి ఊరుకుంటారు. కంటి మీద చెయ్యి అదిమి పెట్టుకోవడం, తల నేలకు తగిలిన చప్పుడు, ఎండలో కవచం వేసుకుని తిరిగిన మనిషి పొంతన లేకుండా మాట్లాడటం, అందరూ చెమటలు కక్కుతుంటే ఒక్కరి ఒళ్లు పొడిగా కాలిపోతుండటం. "ఎంత బాగా నటిస్తున్నాడో" అని మనసులో మెదిలిన క్షణమే అడగాల్సిన క్షణం.

నిజమని తేలితే ఆట అక్కడ ఆగిపోవాలి. బ్రిటన్ ఆటల్లో 'మ్యాన్ డౌన్' అని, అమెరికా ఆటల్లో ఎక్కువగా 'హోల్డ్' అని అరుస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయుధాలు దించి, ఆ కేకనే అందుకుని దూరానికి చేరవేస్తారు. 'మెడిక్' అన్న మాటను నిజమైన ప్రమాదాలకే కేటాయించిన ఆటలున్నాయి. అలాంటి చోట పాత్ర కోసం ఆ మాట వాడితే అసలు ప్రథమ చికిత్స బృందం పరుగెత్తుకొస్తుంది. ఆటలో పిలుపుకు 'హీలర్', 'వైద్యుడా' వంటి మాటలు వాడుకోండి.

తలకో మెడకో వెన్నుకో దెబ్బ అనిపిస్తే మనిషిని కదపొద్దు, హెల్మెట్ లాగొద్దు. నిర్వాహకుల ప్రథమ చికిత్స బృందాన్ని రప్పించండి. ప్రాణాపాయం అనిపిస్తే ఎవరి అనుమతికీ ఆగక్కర్లేదు. బ్రిటన్‌లో 999, జర్మనీలో 112, అమెరికాలో 911, మన దగ్గర 108 లేదా 112. మైదానం చిరునామా, గేటు పేరు మీ సంచి లోపలివైపు రాసి పెట్టుకోండి. ఊరి బయట పొలంలో ఉండి ఫోన్‌లో దారి చెప్పడం చాలా కష్టం.

పడిపోయాక ఎంతసేపటికి చనిపోయినట్టు?

చాలా ఆటల్లో దీనికి 'డెత్ కౌంట్' ఉంటుంది. పడినవాళ్లు మనసులో తామే లెక్కపెట్టుకుంటారు. అమెరికాలోని నీరో, అలయన్స్ తరహా ఆటల్లో రక్తం కారే సమయం ఒక్క నిమిషమే. ఆలోగా ప్రథమ చికిత్స నైపుణ్యమున్నవాళ్లో మంత్రం తెలిసినవాళ్లో చేరాలి. ఆ నిమిషం దాటితే పాత్ర చనిపోయినట్టే. కానీ మరో ఐదు నిమిషాల్లో ప్రాణం పోసే మంత్రం పడితే తిరిగి లేవొచ్చు. ఇంకొన్ని ఆటలు మొదటి గడువునే ఎక్కువ నిమిషాలు పెట్టి, తర్వాత రెండో అవకాశం ఇవ్వవు.

ఒక్క నిమిషం లెక్క ఉన్న ఆటలో హీలర్ పోరాడేవాళ్ల వరుస వెనకే నిలబడాలి, డేరాలో కూర్చుంటే కుదరదు. ఎక్కువ నిమిషాలున్న చోట గాయపడ్డవాళ్లను వెనక్కి తెచ్చి దీపం వెలుగులో వైద్యం చేయొచ్చు. ఆ ఒక్క అంకెను బట్టే మీ పాత్ర రోజంతా ఎక్కడ గడుస్తుందో తేలిపోతుంది.

నేను పడిపోయాను. హీలర్ వచ్చేలోగా ఏం చేయాలి?

ముందు తొక్కిసలాట నుంచి తప్పుకోండి. గుంపు మీదికి వస్తుంటే పాత్ర గురించి ఆలోచించకుండా పక్కకు దొర్లండి, లేదా చెయ్యి తలమీద పెట్టి లేచి నాలుగడుగులు పక్కకెళ్లి మళ్లీ పడుకోండి. తలమీద చెయ్యి పెడితే ఆటలో లేనట్టు అన్నది చాలా చోట్ల ఉన్న సైగే. ఆయుధాన్ని ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, దానిమీద కాలేసి ఎవరైనా జారిపోవచ్చు.

తర్వాత గాయం ఎక్కడో నిర్ణయించుకోండి. హీలర్ "ఎక్కడ తగిలింది?" అంటే "ఏమో" అనొద్దు. "ఎడమ పక్కటెముకల కింద, ఊపిరి తీస్తే గుచ్చుకుంటోంది" అన్నారంటే అవతలివాళ్ల చేతికి పని దొరికినట్టే. లెక్క నిజాయితీగా పెట్టండి. హీలర్ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉన్నారని నెమ్మదిగా లెక్కపెడితే ఆటలో భయమే పోతుంది.

హీలర్‌గా వెళ్లగానే వరుసగా చేయాల్సినవి ఏమిటి?

చుట్టూ చూడండి, పోరాటం ఐదు మీటర్ల లోపలే ఉంటే ముందు చోటు మార్చాలి. పడినవాళ్ల తలవైపు కాకుండా పక్కన, పోరాటం వైపు మీ వీపు ఉండని కోణంలో మోకాళ్లు ఆనించండి. ఆట బయట బాగున్నారో లేదో అడగండి. తాకొచ్చా అని అడగండి. ఆ తర్వాతే ఆట మాటల్లోకి దిగి మూడు సంగతులు రాబట్టాలి: గాయం ఎక్కడ, ఎంతసేపైంది, విషమో శాపమో ఇంకేదైనా ఉందా. రెండోదానికి "రక్తం ఎప్పట్నుంచి కారుతోంది?" అని అడిగితే చాలు, అనుభవమున్నవాళ్లు "రెండు నిమిషాలైంది" అని లెక్క చెప్పేస్తారు.

మూడో ప్రశ్న మర్చిపోవడమే కొత్త హీలర్ల దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు. గాయం కట్టి, హిట్లు తిరిగి ఇచ్చి, లేపి నిలబెడతారు. ఒంట్లో విషం ఉండిపోతుంది, పది అడుగులు వేసి మళ్లీ కూలిపోతారు. మూలికా, సమయమూ రెండూ వృథా.

చేతులు పనిచేస్తున్నంతసేపూ నోరు కూడా పనిచేయాలి. ఏం చేస్తున్నారో చెబుతూ ఉండండి: "ఎముక తగల్లేదు, అదృష్టం. ఇప్పుడు బిగిస్తాను, పళ్లు బిగబట్టు." కళ్లు మూసుకుని పడుకున్న ప్లేయర్‌కు తన శరీరంలో ఏం జరుగుతోందో తెలిసేది మీ మాటల ద్వారానే.

తాకడానికి అనుమతి ప్రతిసారీ అడగాలా?

ప్రతిసారీ అడగాలి. పొద్దున ఒప్పుకున్నవాళ్లు సాయంత్రం వద్దనొచ్చు. "చెయ్యి పట్టుకుని కట్టు కడతాను, సరేనా?" అన్నంత పొట్టిగా ఉంటే చాలు. ఛాతీ, పొట్ట, తొడ దగ్గర గాయమైతే గుడ్డను వాళ్ల చేతికే ఇచ్చి "గట్టిగా అదిమి పట్టుకో" అనండి. చూసేవాళ్లకు సహజంగానే ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తాకొద్దంటే అంగుళం ఎత్తులో చేతులు ఆడిస్తూ కట్టు కట్టినట్టు నటించండి. కారణం అడక్కండి.

కట్టు ఎలా కడితే చూడ్డానికి నిజంలా ఉంటుంది, హాని కలగదు?

కాళ్లకు 10 సెంటీమీటర్ల వెడల్పు, చేతులకు 7.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నూలు రోల్ తీసుకోండి. సాగే క్రేప్ వద్దు. తెలియకుండానే బిగుసుకుంటుంది, మధ్యయుగపు ఆటలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది కూడా. తెల్లగా మెరిసే కొత్త గుడ్డను గాఢమైన టీ డికాషన్‌లో అరగంట నానబెట్టి ఆరేస్తే పాతబడ్డ రంగు వస్తుంది. పాత పంచెను నాలుగు వేళ్ల వెడల్పున చించి చుట్టుకున్నా అంతే బాగుంటుంది.

మడతపెట్టిన గుడ్డను గాయం మీద ఉంచి, కింద నుంచి పైకి, అంటే మణికట్టు వైపు నుంచి మోచేతి వైపు చుట్టండి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. ముంజేతికి ఐదారు చుట్లు చాలు. చివర చించి ముడి వేసేటప్పుడు ముడి ఎముక మీద పడకుండా చూసుకోండి, కవచం కింద అది గంటసేపు ఒరుసుకుంటుంది. కట్టాక గోరు నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలో తిరిగి ఎరుపెక్కాలి. ఎక్కకపోతే విప్పి వదులుగా కట్టండి. కట్టు కింద ఒక వేలు సులువుగా దూరాలి.

మెడ చుట్టూ ఎప్పుడూ చుట్టకండి. మెడకు గాయమైతే గుడ్డ మడిచి భుజం మీద ఆనించి, కట్టును ఎదుటి చంక కింద నుంచి తీసుకెళ్లండి. రక్తం ఆపే బిగింపుకట్టు సీన్‌లో అవసరమైతే పట్టీని వదులుగా కట్టి, కర్రను దానిలో దూర్చి తిప్పినట్టు నటించడమే. నిజంగా ఒక్క మెలిక కూడా వేయకూడదు.

విరిగిన ఎముకకు మన నాటువైద్యుడి పాత్ర వేయొచ్చా?

తప్పకుండా. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు గురించి వినని తెలుగువాళ్లు తక్కువ. వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డుసొన, గుడ్డ పీలికలు కలిపి కట్టే ఆ పద్ధతి ఆటలో చూపించడానికి ఎంతో అందంగా ఉంటుంది. వినిపించేందుకు మాట, చూపించేందుకు చేతిపని, రెండూ ఉన్నాయందులో. కల్పిత ప్రపంచంలో ఊరి పేరు వాడనక్కర్లేదు, పని తీరు తీసుకుంటే చాలు.

అడుగున్నర పొడవు వెదురు బద్దలు నాలుగు చాలు. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే పేళ్లు దిగుతాయి. బద్దలను రెండు పొరల గుడ్డలో చుట్టి, కాలికి ఇరువైపులా పెట్టి, విరిగిన చోటుకు పైన ఒకటి, కింద ఒకటి పట్టీ కట్టండి, విరిగిన చోట మీద కాదు. గుడ్డుసొన నిజంగా వాడొద్దు. అలర్జీ ఉన్నవాళ్లుంటారు, ఎండకు వాసనేస్తుంది. మైదాను నీళ్లలో పలచగా కలిపితే అలాగే కనబడుతుంది, దాన్ని కూడా గుడ్డ మీదే రాయాలి, చర్మం మీద కాదు. గోధుమ పడనివాళ్లయితే అదీ వద్దు. పసుపు ముద్ద వాడాలని చాలామందికి అనిపిస్తుంది. ఎదుటివాళ్లు నెలల తరబడి కుట్టుకున్న దుస్తుల మీద పడిందంటే ఆ మరక వదలదు, కాబట్టి మీ గిన్నెలో చూపించడానికే ఉంచుకోండి.

సంచిలో ఏమేం ఉండాలి?

రోజుకు ఆరు నుంచి ఎనిమిది రోల్స్ కట్టుగుడ్డ, మడత గుడ్డలు పది, నకిలీ రక్తం 30 మిల్లీలీటర్ల పిండే సీసా, చేతులు తుడుచుకునే తడిగుడ్డ, వెదురు బద్దలు, చెక్క చెంచా, మొద్దు మొనలున్న పటకారు, నీళ్ల సీసా. రాత్రి ఆటకు మంట లేని దీపం, అంటే బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తో లాంతరో కావాలి. మంట దీపం గడ్డి మైదానంలో, గుడ్డ డేరాలో ప్రమాదం.

గాజు సీసాలు వద్దు. సంచి మీద పడితే పగిలి, ఆ ముక్కలు మరుసటి రోజు ఇంకొకరి అరచేతిలో దిగుతాయి. నిజమైన సూది, బ్లేడు, స్కాల్‌పెల్ నకిలీ సంచిలో అస్సలు ఉండకూడదు. చీకట్లో తొందరలో చెయ్యి దేన్ని తీస్తుందో చెప్పలేం. కుట్లు చూపించాలంటే మొన అరగదీసిన పెద్ద గోనెసంచి దబ్బనానికి ముదురు దారం కట్టి, గుడ్డలోంచే లాగండి.

నిజమైన ప్రథమ చికిత్స సామాను వేరే సంచిలో, వేరే రంగులో పెట్టుకోండి. రెండూ కలవకూడదు. డికాషన్‌లో నానిన గుడ్డ తెరిచిన పుండు మీదికి పోకూడదు.

నకిలీ రక్తం ఇంట్లో ఎలా చేసుకోవాలి?

బేకరీ సామాను దుకాణాల్లో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ 250 మిల్లీలీటర్లు. అది దొరకని చోట కార్న్ సిరప్. ఎర్ర ఫుడ్ కలర్ రెండు టీస్పూన్లు, నీలం ఒకటి రెండు చుక్కలు, కోకో పొడి ఒక టేబుల్‌స్పూన్. కోకోను ముందు రెండు మూడు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, తర్వాత సిరప్‌లో పోయాలి. నేరుగా చల్లితే ఉండలు కట్టి సీసా మూతిలో ఇరుక్కుంటాయి. నీలం ఎక్కువైతే ఊదారంగులోకి పోతుంది, అందుకే చుక్క చుక్కగా. వేలి మీద రాసి పగటి వెలుగులో చూడండి. గిన్నెలో నల్లగా కనబడేది చర్మం మీద సరిగ్గా ఉంటుంది. గిన్నెలోనే ఎర్రగా ఉంటే చర్మం మీద గులాబీ నీళ్లలా తేలిపోతుంది.

ఇది నోట్లో పడినా ఫర్వాలేదు, కళ్లలో మాత్రం పడకూడదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, బయట ఎండలో ఒక్కరోజులో పులిసిపోవచ్చు.

దీనితో వచ్చే పెద్ద చిక్కు పంచదార. యూరప్‌లో ఆగస్టు ఆటల్లో కందిరీగలు దీనికోసం ముసురుతాయి. కందిరీగ కుట్టడం కొందరికి ప్రాణాపాయమయ్యే అలర్జీ. ఆ నెలల్లో గ్లూకోజ్‌కు బదులు గిన్నెలు కడిగే వాసన లేని లిక్విడ్ సోప్ వాడేవాళ్లున్నారు. అది ఉతికితే సులువుగా వదులుతుంది, కానీ నోటి దగ్గర, ముఖం మీద, నిజంగా గీరుకున్న చోట వాడకూడదు. సోప్ సీసాకు వేరే రంగు మూత పెట్టండి.

ఎవరి మీదైనా వేసేముందు దుస్తుల గురించి అడగాలి. మీ గుడ్డ మీద ముందే పోసి, ఆ గుడ్డను గాయం మీద పెట్టడం అన్నిటికంటే మంచిది. రక్తం కనబడుతుంది, ఎదుటివాళ్ల చొక్కా పాడవదు. మరక పడితే చల్లటి నీళ్లతో వెంటనే నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే రంగు పట్టుకుపోతుంది.

తెరుచుకున్న గాయంలా మేకప్ చేయాలంటే?

ముందుగా అనుకున్న సీన్‌కే చేయండి, పోరాటం మధ్యలో కుదరదు. జెలటిన్ పొడి, గ్లిజరిన్, నీళ్లు మూడూ సమానంగా, రెండేసి టేబుల్‌స్పూన్లు కలిపి పది నిమిషాలు నాననివ్వండి. వేడినీళ్ల గిన్నెలో ఈ గిన్నె పెట్టి తేటపడేదాకా కరిగించండి. మరిగితే బుడగలు వచ్చి ముక్క చిరుగుతుంది. నూనె రాసిన పళ్లెంలో మధ్యలో మూడు మిల్లీమీటర్ల మందం, అంచుల్లో కాగితమంత పలచగా పోయండి. అంచు మందంగా ఉంటే అతికించినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. గట్టిపడ్డాక మధ్యలో చెంచాతో చీల్చి, లోపల ముదురు ఎరుపు, చుట్టూ ఊదా, పసుపు పూయండి. వేడి జెలటిన్‌ను నేరుగా చర్మం మీద పోయొద్దు, బొబ్బలెక్కుతుంది.

ఎండకు, చెమటకు ఇది మెత్తబడి జారిపోతుంది. కాబట్టి సాయంత్రం సీన్లకే నమ్ముకోండి. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది. శాకాహారులు, కొన్ని మతాచారాలు పాటించేవాళ్లు ఒంటికి తగలడం ఇష్టపడకపోవచ్చు, ముందే చెప్పాలి. లేటెక్స్ వాడేవాళ్లు అలర్జీ సంగతి అడగాలి, ముందురోజు మోచేతి లోపల చుక్క రాసి చూడాలి. వెంట్రుకలు అంటించే జిగురులో కూడా లేటెక్స్ ఉండొచ్చు, సీసా మీద చదవండి.

శస్త్రచికిత్స సీన్ ఎంతసేపు సాగదీయొచ్చు?

నియమం ఒక నిమిషం అంటే, పోరాటంలో ఒక నిమిషమే చేయండి. డేరాలో తీరిక ఉంటే ఐదు నుంచి పది నిమిషాలు. అంతకుమించితే పడుకున్నవాళ్లకు వీపు నొప్పి, చూసేవాళ్లకు విసుగు. సీన్‌లో ఒక తేలని విషయం ఉండాలి: బాణపు ములికి మొత్తం వచ్చిందా, ఒక ముక్క లోపలే ఉందా? ముందే ఎరుపు పూసిన ఫోమ్ ముక్కను అరచేతిలో దాచుకుని, పటకారుతో గుడ్డ కిందినుంచి తీసి ఇత్తడి గిన్నెలో వేయండి. ఫోమ్‌కు అడుగున చిన్న నాణెం అతికిస్తే 'టంగ్'మని మోగుతుంది. డేరా బయట నిలబడ్డవాళ్లు కూడా తలతిప్పేది ఆ చప్పుడుకే. గాయపడ్డవాళ్లకు చిన్న నిర్ణయం ఒకటి వదిలిపెట్టండి: "మత్తు కావాలా, మెలకువగా ఉంటావా?" పాత్ర స్వభావం బయటపడేది ఆ జవాబులోనే.

ఒకేసారి ఏడెనిమిది మంది పడిపోతే?

లెక్క అయిపోవస్తున్నవాళ్లు ముందు. కాలు విరిగి అరుస్తున్నవాళ్లు ఆగగలరు, మాట రాకుండా పడున్నవాళ్లు ఆగలేరు. వైద్యం రానివాళ్లను కూడా పనిలో పెట్టండి. కొన్ని ఆటల్లో ఎవరైనా గాయం అదిమి పట్టుకుంటే లెక్క ఆగుతుంది. అది లేని చోట కూడా పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు ఒకరుంటే పడినవాళ్లు ఒంటరిగా ఆకాశం చూస్తూ ఉండక్కర్లేదు. దాటుకుంటూ వెళ్లిపోవాల్సి వస్తే ఊరికే వెళ్లకండి, కళ్లలోకి చూసి "నీ దగ్గరికి వస్తున్నాను, పట్టుకుని ఉండు" అనండి. రాలేకపోయినా ఆ మాట వాళ్ల సీన్‌లో ఉండిపోతుంది.

గాయపడ్డవాళ్లను మోయొచ్చా?

ఒక్కరే భుజాన వేసుకోవడం వద్దు. గొయ్యిలో కాలు పడితే ఇద్దరూ నిజంగా ఆసుపత్రికే. వాళ్లు తమ కాళ్లతో తామే నడుస్తూ, చేతులు మీ ఇద్దరి భుజాల మీద వేసి, బరువు ఆనించినట్టు నటించడమే సరైన మోత. కాళ్లు ఈడుస్తూ నడిస్తే చూసేవాళ్లకు తేడా తెలియదు. చాలా ఆటల్లో మోసేవాళ్లు పోరాడకూడదు, పరుగెత్తకూడదు.

తాగడానికి కషాయం ఇవ్వొచ్చా?

మూతపెట్టిన సీసాలోని మంచినీళ్లు తప్ప ఏదీ ఇవ్వకండి. తేనె, మూలికల టీ, సారా ఏదీ వద్దు. పడుకున్నవాళ్ల నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, పొలమారుతుంది. లేపి కూర్చోబెట్టి సీసా వాళ్ల చేతికే ఇవ్వండి. ఎంపైర్ వంటి ఆటల్లో ట్రూ వెర్వెయిన్ వంటి కల్పిత మూలికలు వైద్యుడి చేతిలోని సరుకు. అవి అయిపోతాయి, కొనుక్కోవాలి, అందుకే ఎవరికి వాడాలన్నది మంచి సీన్ అవుతుంది. మైదానంలో నిజంగా పెరిగిన మొక్కను తెంపి ఎవరి ఒంటికీ రాయొద్దు.

మంత్రం ఒక్కక్షణంలో నయం చేస్తే ఇంకేం ఆడాలి?

తర్వాతి గంట ఆడాలి. గాయం మాయమైనా శరీరానికి జ్ఞాపకం ఉంటుంది. చెయ్యి వణకడం, కవచం వేసుకునేటప్పుడు ఆ పక్కను కాచుకోవడం, భోజనానికి కూర్చుంటూ నెమ్మదించడం. హీలర్ కూడా ఒక మాట వదలొచ్చు: "రాత్రికి జ్వరం రావొచ్చు." వచ్చిందో లేదో అవతలివాళ్ల ఇష్టం.

కాపాడలేకపోతే?

తొందరపడి లేచి వెళ్లిపోకండి. చివరి ముప్పై సెకన్లలో "ఎవరికైనా ఏమైనా చెప్పాలా?" అని అడగండి. ఏళ్ల తరబడి ఆడిన పాత్ర అయితే ఆ ప్లేయర్‌కు ఇది నిజమైన దుఃఖం. ఆట ఆగాక, వేషం తీసేశాక, వెతుక్కుంటూ వెళ్లి పలకరించండి. అలాగే రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లుంటారు, ఆసుపత్రిలో మనిషిని పోగొట్టుకుని వచ్చినవాళ్లుంటారు. ఎవరైనా ముఖం తిప్పుకుంటే సీన్‌ను అక్కడే తేలిక చేయండి, లేదా నాలుగడుగులు దూరం జరపండి.

ఇరవై మందితో సొంత ఆటకు ఎలాంటి నియమాలు పెట్టుకోవాలి?

ఒక్కొక్కరికి మూడు హిట్లు. పడితే మూడు నిమిషాల లెక్క. ఎవరైనా రెండు చేతులతో గాయం అదిమితే లెక్క ఆగాలి. ముగ్గురు హీలర్లు ఉండాలి. ఇద్దరే ఉంటే ఒకరు పడి, ఒకరు దూరంగా ఉన్న క్షణం తప్పకుండా వస్తుంది. వైద్యానికి ఆగకుండా ఒక నిమిషం, మధ్యలో దెబ్బ తగిలితే మళ్లీ మొదటి నుంచి. లేచాక పది నిమిషాలు పోరాటం లేదు, కట్టు తర్వాతి భోజనం దాకా విప్పకూడదు.

ఈ అంకెలు మైదానాన్ని బట్టి మార్చుకోవాలి. మామూలు నడకకు రెండు వందల యాభై మీటర్లు దాదాపు మూడు నిమిషాలు. మీ స్థలం అంతకన్నా పెద్దదైతే హీలర్ వచ్చేలోపే అందరూ చనిపోతారు, రెండు గంటల్లో సగంమంది కొత్త పాత్రలు వెతుక్కుంటారు. మరీ చిన్నదైతే ఎవరూ చావరు, భయం ఉండదు. పది నిమిషాల విశ్రాంతి తీసేస్తే పడిన మనిషి నిమిషంలో మళ్లీ వరుసలో ఉంటాడు, హీలర్ చేసినదానికి విలువే ఉండదు. ఆటకు ముందురోజు వేషం, కవచం పూర్తిగా వేసుకుని, సంచి తగిలించుకుని, స్థలంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి చీకట్లో నడిచి సమయం చూడండి. పగటిపూట వచ్చిన అంకెకూ దానికీ చాలా తేడా ఉంటుంది. లెక్క ఆ చీకటి అంకెను బట్టే పెట్టండి.